కొమ్ముకప్ప యిల్లును కూడును

పెంపుడు జంతువు లనగానే మనవారికి కుక్కయు, పిల్లియు, ఆవుదూడయు, కుందేలును జ్ఞప్తికి వచ్చును. ఇవి యన్నియు యజమానుని ఎఱిగినవి. పిలిచిన వచ్చును, తరిమిన పోవును, నాలుగు దినములు మనము కానరాకున్న బెంగగొనును. యజమానుని ఎఱుగనే యెఱుగని జంతువును పెంచుట యెట్టిది? మా యింట నట్టిది యొకటి యున్నది. అది కప్ప. దానిని గూర్చి నాలుగు మాటలు మేము చదువుకొన్న పాఠశాల యొక్క వార్షిక సంచికకు వ్రాయబూనితిమి. మేమనగా భార్యాభర్తల మిరువురము. ఇరువురమును ఈ పాఠశాల బల్లలమీద కూర్చుండి చదివినవారమే. ఇప్పుడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాసు రాష్ట్రమందలి ఫోర్ట్‌వర్త్ నగరమున కాపురమున్నాము. ఈ వ్యాసము వినోదమునకు మాత్రమే వ్రాసినది కాదు. జంతువును పెంచగోరు బాలబాలికలకును, వారి కోరికకు సరే యనబోవు తలిదండ్రులకును ముందుగా కొంత లెక్క చెప్పవలయునని మా తలంపు.

మొదట పేరును గూర్చి చెప్పవలయును. మా యూర కొమ్ముకప్ప యని యెవరితోనైన ననినచో వారు తలంచునది కప్పను గాదు, ఒక విధమగు తొండను. తలచుట్టును ముండ్లవంటి కొమ్ములతో, బల్లపరుపు దేహముతో, ఎండనేలపై చీమలను ఏరుకొని తినుచుండు ఈ తొండను టెక్సాసువారు పూర్వమునుండి కొమ్ముకప్ప యనియే పిలుచుచున్నారు. మా నగరమందలి టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయమువారు 1897 నుండి దీనినే తమ చిహ్నముగా నుంచుకొనిరి. శత్రువు మీదికి వచ్చినప్పుడు ఈ తొండ కంటికొనలనుండి రక్తమును చిమ్మును. ఒకప్పుడు పిల్లలు వీనిని జేబులలో వేసికొని తిరిగెడివారు. వర్తకులు పెట్టెలలో పెట్టి దూరదేశములకు అమ్మెడివారు. అట్లు పోయినవి చాలవరకు చచ్చెను. కారణము మిక్కిలి సామాన్యమైనది. వీని ముఖ్యాహారము గింజలు కోయు ఒక జాతి యెఱ్ఱచీమ. ఆ చీమలను దినదినము తెచ్చి పెట్టగలవారు లేకపోయిరి. కూడు దొరకని జంతువునకు గాజుమేడ యైనను సమాధియే. 1967లో ఈ తొండలను పట్టరాదని టెక్సాసు ప్రభుత్వము శాసించెను. 1977లో ఇది ఆపదలోనున్న జాతిగా పరిగణింపబడెను. 1993లో రాష్ట్ర సరీసృపముగా గౌరవము పొందెను. గౌరవము వచ్చుసరికి ఆ తొండ యనేక స్థలములలో కానరాకుండ పోయినది.

దీనిని గూర్చి యొక కథ యున్నది. 1897లో ఈస్ట్‌లాండ్ అను పట్టణమున న్యాయస్థానమునకు శంకుస్థాపన చేయుచు పునాదిరాతిలోని తొఱ్ఱలో ఒక బైబిలు మొదలగు వస్తువులతోపాటు ఒక కొమ్ముతొండను గూడ ఉంచిరట. 1928లో ఆ కట్టడమును పడగొట్టి, జనులు గుమిగూడి చూచుచుండగా రాతిని తెఱచిరి. తొండ బ్రదికియే యున్నదని చాటిరి. దానికి ఓల్డ్ రిప్ అని పేరుపెట్టి ఊరూర త్రిప్పిరి. అధ్యక్షుడగు కూలిడ్జికి సైతము చూపిరి. మరుసటి సంవత్సరము జనవరిలో నది చచ్చెను. 31 సంవత్సరములు గాలియు కూడును లేక యొక జంతువు బ్రదికి యుండునా? నమ్మినవారును కలరు, నవ్వినవారును కలరు. మేము నవ్వినవారిలోని వారము. కాని యీ కథలో మాకు తోచిన విశేష మింకొకటి. ప్రాణమున్న దానిని రాతిలో పెట్టి మూయునప్పుడు దాని ఆకలి మాట యెవరికిని తట్టలేదు. తెఱచునప్పుడు మాత్రము అందఱును వింతపడిరి.

ఇక మా యింటనున్నది నిజముగా కప్పయే. ఇది టెక్సాసుది కాదు. దక్షిణ అమెరికా ఖండమునకు చెందినది. అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియా, బ్రెజిలు దేశములలో వ్యాపించియున్న గ్రాన్ చాకో అను మెట్టభూమి దీని జన్మస్థానము. దీని కులమునకు శాస్త్రజ్ఞులు సెరటోఫ్రిస్ అని పేరిడిరి. గ్రీకుభాషలో దానికి కొమ్ములుగల కనుబొమ్మ యని అర్థము. కనుఱెప్పల పైచర్మము మొనదేలి రెండు కొమ్ములవలె నిలిచియుండుటచే ఈ పేరు వచ్చెను. చార్లెస్ డార్విను బీగిల్ ఓడమీద పయనించి సేకరించిన జంతువులను వర్ణించుచు థామస్ బెల్ అను ఆంగ్లేయుడు 1843లో దీని దాయాదియగు పంపా మైదానముల కప్పను లోకమునకు ఎఱిగించెను. మా యింటి కప్ప జాతిని అవెలీనో బార్రియో అను శాస్త్రజ్ఞుడు 1980లో వేఱు జాతిగా నిర్ణయించెను. దానికి క్రాన్వెల్ కొమ్ముకప్ప యని పేరు. ఆ సంవత్సరమే జపానుదేశమున పుట్టిన పాక్‌మాన్ అను వీడియో ఆటలో గుండ్రని ముఖమంతయు నోరేయైన బొమ్మ యొకటి కలదు. ఆ పోలికచే ఇచ్చటి బాలురు దీనిని పాక్‌మాన్ కప్ప యందురు.

ఆ పోలిక సరియైనదే. దేహము రొట్టెముద్దవలె గుండ్రము, కాళ్లు పొట్టి, నోరు ఈ చెవినుండి ఆ చెవివఱకు. వేటకై పరుగెత్తదు. మట్టిలో కడుపువఱకు పూడుకొని కన్నులు మాత్రము పైకి పెట్టి గంటలతరబడి కదలక కూర్చుండును. దగ్గఱకు వచ్చిన పురుగును, కప్పను, చిట్టెలుకను ఒక్క గ్రుక్కగా పట్టును. దీని నాలుక అంటుకొను బలము సగటున దాని శరీరపు బరువును మించునని 2014లో జర్మనీ పరిశోధకులు కొలిచి చూపిరి. తల 4.5 సెంటీమీటర్ల వెడల్పుగల చిన్న కప్ప కాటు సుమారు 30 న్యూటనుల బలము గలదని 2017లో మఱికొందఱు కనుగొనిరి. అనగా ఇంచుమించు 3 కిలోల బరువుతో నొక్కినట్లు. మడగాస్కరు ద్వీపమున దొరికిన యొక శిలాజము ఇట్టి కప్పలను మిక్కిలి పోలియున్నది. అది సుమారు 7 కోట్ల సంవత్సరముల నాటిది. 2008లో దానికి బీల్జెబూఫో అని నామకరణము చేసిరి. బైబిలు తరగతిలో బయెల్జెబూలు పేరు చదివిన బాలురకు ఆ పేరిటి వింత వేఱుగ చెప్ప నక్కఱలేదు.

అర్జెంటీనా పల్లెలలో ఇట్టి కప్పను ఎస్క్వెర్సో అందురు. అది విషజంతు వనియు, మేయుచున్న గుఱ్ఱపు పెదవిని కఱచిన గుఱ్ఱము చచ్చు ననియు అచ్చటివారు చెప్పుకొనుట కలదు. దానిని చంపి కాల్చక విడిచినచో మరల లేచివచ్చి పగ తీర్చుకొను నను నమ్మకమును ఆధారము చేసికొని లియోపోల్దో లుగోనెస్ అను రచయిత ఎస్క్వెర్సో పేరిటనే ఒక కథ వ్రాసెను. అది 1906లో వెలువడిన ఆయన కథల పుస్తకమున చేరినది. నిజమునకు దీని కోఱలలో విషము లేదు. విషపు కోఱలే లేవు. పై దవడ పండ్లును, క్రింది దవడ యెముకలో పండ్లవంటి మొనలును మాత్రము కలవు. కఱచిన రక్తము వచ్చును, ప్రాణము పోదు. తెలియని జంతువునకు విషము అంటగట్టుట అన్ని దేశముల వారికిని అలవాటే.

ఇది మా యింటికి వచ్చిన విధము చెప్పెదము. రెండు సంవత్సరముల క్రిందట మా వీథిలోని యొక కుటుంబమువారు వేఱు రాష్ట్రమునకు తరలిపోవుచుండిరి. సామానంతయు బండి కెక్కించిరి. మిగిలిన చెత్తప్రక్కన ఒక గాజుతొట్టి యుండెను. దానిలో గులకరాళ్లు, ఎండిపోయిన యొక మూకుడు, మూలను కాగితపు ఉండవంటి దొకటి. ఆ యింటి బాలుడు మా పెద్దవానికి సహపాఠి. కప్ప చచ్చిపోయినదనియు, పాతిపెట్టుటకు తీరిక లేదనియు వాడు మావానితో చెప్పెనట. మావానికి అప్పుడు 12 యేండ్లు. మనమైన పాతిపెట్టుదము అని తొట్టిని ఇంటికి మోసికొనివచ్చెను. పెరటిలో గుంట త్రవ్వుటయు జరిగెను. ఇంతలో మా చిన్నది వంగి చూచి, "అమ్మా, దీని గొంతు కొట్టుకొనుచున్నది" అని కేకవేసెను. గుంట అట్లే విడిచి, కప్పను తడిగుడ్డలో చుట్టి, ఆ సాయంకాలమే ఇట్టి జంతువులకు వైద్యము చేయు పశువైద్యురాలి యొద్దకు తీసికొనిపోయితిమి.

ఆమె చెప్పిన మాటలు మాకు మిక్కిలి క్రొత్తవిగా నుండెను. చాకోభూమిలో వానలు కొలది మాసములే కురియును. తక్కిన కాలమున ఈ కప్ప మట్టిలోనికి దిగి, విడిచిన చర్మపు పొరలను ఒకదానిపై నొకటి ఒంటికే అంటియుండనిచ్చి, కాగితమువంటి గూడును చేసికొని, నీరు ఆవిరియై పోకుండ దానిలో నిద్రించును. మేము చూచిన కాగితపు ఉండ అదియే. దానికి గులకరాళ్లలో దిగుటకు చోటులేక పైననే ఆ గూడును కట్టుకొనినది. ఆకలికిని, ఎండుదనమునకును ఓర్చుటకు దేవుడిచ్చిన యుపాయము గాజుతొట్టిలోనను పనికివచ్చినది. ఒక కంటిపై తెల్లని మబ్బు కమ్మియుండెను. క్రొవ్వుగల చిట్టెలుకలనే తఱచుగా పెట్టి పెంచిన కప్పలకు ఇట్లగుట కలదనియు, ఆ మబ్బు పోదుగాని ఆహారము సరిచేసిన హెచ్చకుండ నాగవచ్చుననియు ఆమె చెప్పెను. ఆ తొట్టిని అమ్మిన దుకాణమువారు రాళ్లు పఱచి చిట్టెలుకలు పెట్టుమని చెప్పిరట. ఆ యింటివారు చెప్పినట్లే చేసిరి. కావున వారిపై మాకు కోపము లేదు. అమ్మువాని మాటయే శాస్త్రమని నమ్మరాదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

వైద్యురాలి సలహాపై మొదటి మూడు దినములు దానిని గడ్డము మునుగని లోతున గోరువెచ్చని నీటిలో కూర్చుండబెట్టితిమి. కప్ప నోటితో నీరు త్రాగదు. కడుపు క్రింది పలుచని చర్మముతో పీల్చుకొనును. రెండవనాటి రాత్రి పొర పగిలెను. కప్ప ముందుకాళ్లతో దానిని మేజోడువలె తలమీదుగా లాగి నోటిలో పెట్టుకొని మ్రింగెను. పిల్లలు వెఱగుపడి చూచిరి. క్రింద నుండిన చర్మము పచ్చగను, గోధుమవన్నె మచ్చలతోను తళతళలాడెను. చిన్నది దానికి గుమ్మడి యని పేరు పెట్టెను.

ఇక ఇంటి సంగతి. తొట్టి పొడవు 50, వెడల్పు 25, ఎత్తు 30 సెంటీమీటర్లు. తిరుగని జంతువు గావున ఇది చాలును. మిక్కిలి పెద్దదైన ఎర కంటబడక పోవును. నేలగా కొబ్బరి పీచుపొట్టును 8 సెంటీమీటర్ల మందమున పఱచితిమి. గోదావరి లంకలలో కొబ్బరిపీచు ఒలుచువారి కుప్పల ప్రక్కన పెరిగిన మాకు, ఆ పొట్టు ఇటుకగా అదిమి కట్టబడి అమెరికా దుకాణమున కనబడుట చుట్టము నెదుర్కొన్నట్లుండెను. దానిని తడిపి పిడికిట పిండిన రెండు మూడు చుక్కలు కారవలయును, ధార కారరాదు. ధార కారినచో చర్మము చెడును, కారకున్న ఎండును. పైని ఎండుటాకులు కొన్ని, ఒక మూల కప్ప సగము ఎత్తు లోతుగల మూకుడు. కప్ప యైనను ఇది ఈతకు మిక్కిలి అనర్హము. లోతునీట మునిగి చచ్చుటయు కలదు.

నీటిని గూర్చి జాగ్రత్త వలయును. కుళాయినీటిలో క్రిములను చంపుటకు క్లోరిను కలుపుదురు. ఒక దినము విడిచిపెట్టిన క్లోరిను పోవును. కాని అనేక నగరములలో వాడు క్లోరమిను అట్లు పోదు. దానిని విఱుచు మందుచుక్కలు వేసి యుంచవలయును. మన కంటికి స్వచ్ఛముగ తోచు నీరే చర్మముతో త్రాగు ప్రాణికి మంటయగును. వేడిమి పగలు 26, రాత్రి 22 డిగ్రీల సెంటీగ్రేడు ఉండునట్లు చూచుకొందుము. చలికాలమున వెచ్చని పలకను తొట్టి ప్రక్కను అంటింతుము, క్రింద నుంచము. ఏలయన, వేడి తగిలినప్పుడు తప్పించుకొనుటకు ఈ కప్ప క్రిందికి త్రవ్వుకొనిపోవును. క్రిందనే నిప్పున్నచో దాని బుద్ధియే దానికి శత్రువగును. ప్రతిదినము మలినమును తీసివేసి, మూకుడు కడిగి నీరు మార్చి, నెలకొకసారి పొట్టునంతయు మార్చుదుము. కప్పను తాకుటకు ముందును తరువాతను చేతులు కడుగుకొందుము. మన చేతి యుప్పు దానికి హాని. దాని ఒంటిమీది క్రిములు మనకు హాని.

తోడుగా నింకొక కప్పను తెత్తమని చిన్నది కోరెను. కప్పల తక్కెడ తూగదని మనవా రందురు. ఈ కప్పల విషయమున తక్కెడలో రెండు పెట్టిన కొంతసేపటికి ఒకటే మిగులును. తన జాతిదానినైనను నోటపట్టునంత యున్న మ్రింగుట దీని స్వభావము. వీని తోకకప్పపిల్లలు సైతము మాంసాహారులే. ఒంటరితనము మనకు శిక్ష, దీనికి రక్ష. మనకు దుఃఖమైనది యెల్ల జంతువులకును దుఃఖమని యెంచుట దయవలె తోచును గాని దయ కాదు.

కూటి సంగతి ఇంటి సంగతికంటె కష్టమైనది. గుమ్మడి చచ్చినదానిని తినదు, కదలవలయును. వానపాములు, ఇలకోళ్లు, పట్టుపురుగులు దీని భోజనము. ఎర వెడల్పు కప్ప రెండు కన్నుల నడుమనుండు దూరమును మించరాదు. వానపాము ఎముకలకు మంచిది. ఇలకోడిలో ఫాస్ఫరసు హెచ్చు, కాల్షియము తక్కువ. అవి మాత్రమే పెట్టినచో కప్ప ఎముకలు మెత్తబడి దవడ వంగును. కావున ఇలకోళ్లకు కాల్షియపు పొడి అద్ది పెట్టుదుము. అంతేకాక, పెట్టుటకు ఒకదినము ముందు ఆ యిలకోళ్లకు ఆకుకూరయు, క్యారెట్టు ముక్కలును వేయుదుము. ఆకలితోనున్న పురుగును తిన్న కప్ప వట్టి పెంకునే తిన్నట్లు. అనగా కూడు పెట్టుటకు ముందు కూటికి కూడు పెట్టవలయును. పిల్లకప్పకు దినము విడిచి దినమును, పెరిగిన దానికి వారమునకో, పది దినములకో ఒకసారియు పెట్టిన చాలును. పట్టకారుతో అందింతుము, వ్రేలితో నందించువాడు వ్రేలిని పోగొట్టుకొనకున్నను బుద్ధిని తెచ్చుకొనును.

అయితే పొర విడిచిన తరువాత గుమ్మడి తినలేదు. మొదటిదినము వానపామును చూపితిమి, కదలలేదు. అయిదవదినమున నట్లే. ఎనిమిదవదినమున కన్ను మూసికొనెను. మావాడు బడినుండి వచ్చి పుస్తకములు దింపకమునుపే తొట్టి యొద్దకు పోయెడివాడు. బలవంతముగ నోరు తెఱచి పెట్టవలదనియు, తడియు వెచ్చదనమును తప్పక ఉంచి వేచియుండుమనియు వైద్యురాలు చెప్పియుండెను. వేచియుండుట చేయుటకంటె కష్టమైన పని. పెరటిలోని గుంటను ఎవరమును పూడ్చలేదు. దానిని గూర్చి యెవరమును మాటలాడలేదు. పదునొకండవ దినమున రాత్రి 9 గంటలకు వాడు దీపము తగ్గించి పట్టకారుతో వానపామును కప్ప ముక్కుకు ఎదురుగ ఊపెను. టప్పున చప్పుడయ్యెను. పట్టకారు కొనను సైతము పట్టి కప్ప విడువలేదు. ఇల్లంతయు నవ్వులయ్యెను. మఱునాడు వాడు తానే పార తీసికొనిపోయి గుంట పూడ్చి వచ్చెను.

ఆ కాలముననే మా అత్తగారు దేశమునుండి వచ్చి ఆఱు మాసములు మాతోనుండిరి. ఆమె పాడిపంటల యింట పుట్టినవారు. ఇలకోళ్లకు క్యారెట్టు తరుగుచున్న మనుమని చూచి ఆమె, "ఒరే నాయనా! కుక్కకు ముద్ద వేసిన తోక ఆడించును. గేదెకు గడ్డివేసిన పాలిచ్చును. దీనికి పెట్టిన నీకేమి వచ్చునురా?" అని యడిగిరి. వాడు తల యెత్తకుండ, "దాని ఆకలి తీరును గదా, నాయనమ్మా" అనెను. ఆమె మఱేమియు అనలేదు. మఱుసటి వారము మొదలుకొని కొత్తిమీర కాడలును, తోటకూర ఆకులును ఒక గిన్నెలో వేఱుగా తీసిపెట్టుచుండిరి.

చిన్నదానికి ఇంకొక సంశయము కలిగెను. కప్ప బ్రదుకుటకు ఇలకోడి చావవలయునా? ఈ ప్రశ్నకు మావద్ద తేలికయగు జవాబు లేదు. మాంసము తినునది మాంసము తినక బ్రదుకజాలదు. దానిని ఇంట నుంచుకొన్నవారు ఆ వేటకు పాలివారే. ఇది ఓర్వలేనివారు కప్పను పెంచరాదు. అది తప్పును గాదు. ఓర్చుకొను వారైనను ఇలకోళ్లను ఇఱుకుడబ్బాలో ఆకలిమీద నుంచరాదు. అవసరమునకు మించి చంపరాదు. పొరుగువారిని పిలిచి వేడుక చూపరాదు. ఇంతవఱకు మేము నియమము చేసికొంటిమి. చిన్నది భోజనము పెట్టు దినమున తొట్టి యొద్దకు రాదు. నీరు మార్చు పని ఆమెది.

మావాడు ఒకనాడు లెక్క వేసి గోడకు అంటించెను. దినమునకు 10 నిమిషముల పని. సంవత్సరమునకు 3,650 నిమిషములు, అనగా 60 గంటల 50 నిమిషములు. వారమున కొక భోజన మనుకొన్నను ఏడాదికి 52. ఈ కప్పలు బాగుగ చూచుకొన్న పది పదునైదేండ్లు బ్రదుకును. పదేండ్లకు 608 గంటలు, 520 భోజనములు. నాలుగేండ్లలో వాడు కళాశాలకు పోవును. అప్పుడు గుమ్మడి యెవరిది? ఈ ప్రశ్నను మేము వానిచేత కొనునాడు అడిగించలేదు, కొననే లేదు గనుక. చావబోవుచున్నదానిని ఇంట చేర్చినప్పుడు లెక్క తరువాత వచ్చును. కాని దుకాణమున నిలిచి కోరువారికి లెక్క ముందు రావలయును. మా యింటి తీర్మాన మేమనగా, వాడు పోయిన తరువాత ఆ పదినిమిషములు మావి. అది వానికి తెలియును. ఇంటికి వచ్చిన సెలవులలో మరల వానివి.

పెంచలేకపోయిన చెఱువులో విడిచిన దోషమేమి యని కొంద రడుగుదురు. దోష మున్నది. కప్పల చర్మమును పట్టు ఒక బూజురోగమును 1999లో శాస్త్రజ్ఞులు గుర్తించి పేరు పెట్టిరి. ఒక దేశపు కప్పలను మఱియొక దేశమునకు చేరవేయుటచే అది లోకమంతట వ్యాపించినది. దానివలన కనీసము 501 జాతుల కప్పలు మొదలగునవి క్షీణించెననియు, వానిలో 90 జాతులు నశించినట్లు భావింపబడుచున్నవనియు 2019లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. అందుచే పెంపుడు కప్పను బయట విడువరాదు. దాని తొట్టినీటిని సైతము కాలువలో పోయరాదు.

మన బాలబాలికలు కొమ్ముకప్ప కొఱకు విచారింప నక్కఱలేదు. మన యూరి చెఱువుగట్టున బోదురుకప్ప కలదు. వానలు రానప్పుడు కప్పతల్లిని ఇంటింట త్రిప్పి నీరుపోయు ఆచారమును మన పల్లెలలో అందఱు నెఱుగుదురు. కప్పకును, వానకును, పంటకును సంబంధమున్నదని మన పెద్దలు గుర్తించిరి. ఆ సంబంధమును కొంతకాలము మఱచి, విదేశీయుల భోజనమునకై కప్పకాళ్లను ఓడల కెత్తితిమి. పైరుపురుగులను తినువారు లేకపోవుదురను భయము హెచ్చి, 1987లో భారత ప్రభుత్వము ఆ యెగుమతిని నిషేధించెను. మన అడవి జంతువులను, రామచిలుకను సైతము, పట్టి యింట నుంచుకొనుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడ్డు చెప్పుచున్నది. కావున మన కప్పను పట్టి తొట్టిలో పెట్టవలదు. దాని యిల్లు చెఱువే. దాని కూడు పొలములోని పురుగే. చెఱువులో చెత్త వేయకుండుట దానికి ఇల్లు కట్టించుట. పొలమున అవసరమునకు మించి పురుగుమందు చల్లకుండుట దానికి కూడు పెట్టుట. తొలకరి రాత్రి లాంతరు తీసికొని పోయి, తాకక, కూర్చుండి వినుడు. వ్రాతపుస్తకమున తేదీయు, వానయు, విన్న కూతలును వ్రాసికొనుడు. పది సంవత్సరములు అట్లు వ్రాసిన పాఠశాల గొప్ప శాస్త్రసేవ చేసినదగును.

నోవహు కథను మనము ఎన్నిమారులో విన్నాము. ఓడయు, వానయు, పావురమును అందఱకు జ్ఞప్తి యుండును. కాని ఆయనకు దేవుడిచ్చిన పనులలో రెండు మిక్కిలి చిన్నవి కలవు. ఓడలో అరలు కట్టుట యొకటి. అన్నిటికిని తిండి కూర్చి పెట్టుట మఱియొకటి. అనగా ఇల్లును, కూడును. ఆ యోడలో సింహము ఆయనను ప్రేమించినదో లేదో గ్రంథము చెప్పదు. కప్ప ఆయనను ఎఱిగినదని యెవరును అనరు. ఐనను ప్రతిదినము అన్ని యరలకును పోయి తిండి వేయవలసియే యుండెను. ఎక్కించిన దంతయు తన పూచీ గనుక.

బాలబాలికలారా, మీరు ఏ ప్రాణినైనను ఇంటికి తేగోరినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీని యిల్లు ఎట్టిది? దీని కూడు ఏది? మేము పెద్దవారమై పోయినప్పుడు దీని నెవరు చూతురు? మూడింటికిని జవాబు వ్రాసి తలిదండ్రులకు చూపుడు. జవాబు దొరకనిచో తేవలదు. తెచ్చినచో, అది మిమ్ము ఎఱిగినను ఎఱుగకున్నను, మంగళవారమున నీరు మార్చవలసిన దినమైన మంగళవారమున మార్చుడు.